బంతి వెనకాల కొలువు

హైదరాబాద్ పాతబస్తీలోని మొఘల్‌పురా గల్లీకి క్రికెట్‌తో జోడీ బాగా కుదిరింది. గల్లీకి పొడవుంది, వెడల్పు లేదు. క్రికెట్‌కు కావలసిందీ అంతే. గోడ మీద బొగ్గుతో మూడు నిలువు గీతలు గీస్తే వికెట్లు తయారు. అవతల ఎవరిదో ఒక చెప్పు పెడితే అది బౌలర్ గీత. మొదటి బంతి ట్రయల్. మేడ మీద పడితే ఔట్, మోరీలో పడితే కొట్టినవాడే తియ్యాలి, ఒక టప్పా పడ్డాక ఒంటి చేత్తో పట్టినా క్యాచే. బండి వస్తే ఆట ఆగుతుంది, పోగానే ఆగినచోటు నుంచే మొదలవుతుంది. ఫుట్‌బాల్‌కు ఈ సర్దుబాట్లు పనికిరావు. నలుగురు పక్కపక్కన ఉరకాలంటే చోటు కావాలి. బండి కోసం ఆపితే ఆట ఊపే పోతుంది. ఆ బరువు బంతి కిటికీకి తగిలితే అద్దం మిగలదు, ఆ ఇంటి ఖాలా నోటికి అడ్డూ ఉండదు.

పాతబస్తీలో వయసు మళ్లినవాళ్లను ఫుట్‌బాల్ ఏమైపోయిందని అడిగితే ఒకటే జవాబు: "క్రికెట్ ఖా గయా మియా." క్రికెట్ తినేసిందట. సాయంత్రం పూట గల్లీ చూస్తే ఆ మాటకు సాక్ష్యం వెతకనక్కర్లేదు. రంజాన్ రాత్రుళ్లు చూస్తే అసలే అక్కర్లేదు. తరావీ నమాజు అయ్యాక లైట్లు కట్టుకుని సహరీ దాకా ఆడేదీ ఎక్కువగా క్రికెట్టే. కాకపోతే ఒక చిక్కుంది. ఈ గల్లీలు 1950లోనూ ఇంతే ఇరుకు. అప్పుడు ఇదే ఊరు దేశానికి ఫుట్‌బాల్ నేర్పింది.

ఆ సంగతి ఈ తరానికి కాస్త వివరంగా చెప్పాలి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు తెచ్చింది. మొదటి ఏడాదే మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పూ గెలిచింది. సంతోష్ ట్రోఫీ 1956-57లో, మళ్లీ 1957-58లో హైదరాబాద్‌కే వచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహ్మద్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్ లాంటి హైదరాబాదీలున్నారు. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకాలు. ఆ రెండింటికీ, మధ్యలో మెల్‌బోర్న్‌కూ కోచ్ ఒక్కరే. సయ్యద్ అబ్దుల్ రహీం, ఊరంతటికీ రహీం సాబ్.

ఆయన వృత్తి బడిపంతులు. ఉస్మానియాలో చదివి, కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూల్ లాంటి చోట్ల పాఠం చెప్పారు. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. కోచ్‌గా ఆయన పెట్టిన పోటీలు చూస్తే పంతులు బుద్ధి తెలిసిపోతుంది. పిల్లలకు బలహీనమైన కాలితోనే తన్నాలని ఒక టోర్నమెంట్, అసలు డ్రిబ్లింగే చెయ్యకూడదని ఇంకో టోర్నమెంట్. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో ఆడితే మొదట అందరూ నవ్వుతారు. కొన్నాళ్లకు వాడు ఏ కాలితో కొడతాడో ఎదుటివాడికి అంతుపట్టదు. డ్రిబ్లింగ్ నిషేధిస్తే బంతి కాళ్ల దగ్గర నిలవదు, పక్కవాడికి పోవాల్సిందే. వీధిలో పేరు తెచ్చుకున్న మొనగాళ్లు ఇలా నెమ్మదిగా జట్టు మనుషులయ్యారు. ఇందులో ఖర్చేమీ లేదు. ఒక బంతి, ఒక మైదానం, నిబంధన మార్చి చెప్పే మాస్టారు ఉంటే చాలు.

బలరాం కథలో ఈ ఆట వెనకున్న బతుకు కనిపిస్తుంది. సికింద్రాబాద్ అమ్ముగూడలో పేద తమిళ కుటుంబంలో పుట్టారు. పోలీసులు తొడిగి పారేసిన బూట్ల తోలుతో చెప్పులు కుట్టే అతని చేత తన మొదటి ఆటబూట్లు చేయించుకున్నానని ముసలితనంలో చెప్పుకునేవారు. ప్రాక్టీసుకు రావడానికి సైకిల్ అద్దె డబ్బులు రహీం సాబే ఇచ్చేవారనీ చెప్పేవారు. ఆ కుర్రాడు 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు. పోలీసుల పాత తోలుతో మొదలవడం కాకతాళీయమే కావచ్చు. అయినా హైదరాబాద్ ఫుట్‌బాల్ మొత్తానికి ఆ తోలు గుర్తులా అనిపిస్తుంది. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ముందు క్రికెట్ మీద ఉన్న నేరారోపణ వినాలి. అందులో దమ్ముంది.

మైదానంతోనే మొదలుపెడదాం. క్రికెట్‌కు పిచ్ కావాలి. పిచ్ మైదానం నడిమధ్యలో ఉంటుంది. దాన్ని తడిపి, రోలర్ తిప్పి, చుట్టూ తాడు కట్టాక దాని మీద బూట్లతో ఉరకనివ్వరు. కాబట్టి ఒక మైదానంలో మంచి పిచ్ వేశారంటే ఫుట్‌బాల్‌ను అక్కణ్నుంచి సాగనంపినట్టే. పిచ్ లేని చోటా పరిస్థితి పెద్ద మెరుగేం కాదు. పాతబస్తీ మైదానాల్లో ఆదివారం పొద్దున ఒకే నేల మీద నాలుగైదు మ్యాచ్‌లు ఒకదాని మీద ఒకటి నడుస్తుంటాయి. ఒక జట్టు మిడాన్ ఇంకో జట్టుకు పాయింట్. ఆ గజిబిజిలో గోల్‌పోస్టులు పాతి ఇరవై రెండు మందికి ఖాళీ చేసివ్వమంటే ఇచ్చేదెవరు?

ఆ తర్వాత డబ్బు. 1983 ప్రపంచకప్పుతో ఆట ఇళ్లలోని టీవీల్లోకి వచ్చింది, 2008లో ఐపీఎల్‌తో బజారుకెక్కింది. దక్కన్ ఛార్జర్స్ 2009లో, సన్‌రైజర్స్ 2016లో కప్పు గెలిచాయి. 2017 వేలంలో 20 లక్షల కనీస ధర ఉన్న మహ్మద్ సిరాజ్‌ను సన్‌రైజర్స్ 2 కోట్ల 60 లక్షలకు కొనుక్కుంది. ఆటో నడిపే తండ్రి కొడుకు, గల్లీల్లో టెన్నిస్ బంతితో ఆడి పైకొచ్చినవాడు. ఆ ఒక్క వార్త మొఘల్‌పురా లాంటి బస్తీలో ఎన్ని ఇళ్లలో ఎన్ని లెక్కలు వేయించిందో ఊహించడం కష్టం కాదు. కొడుకు ఫుట్‌బాల్ ఆడతానంటే తండ్రి ఏ వేలం చూపించి ఒప్పుకోవాలి?

సినిమానూ పక్కన పెట్టలేం. హైదరాబాద్ రంజీ ఆటగాడి కథతో మన తెలుగువాళ్లు 2019లో 'జెర్సీ' తీసుకున్నారు, చూసి కళ్లు తుడుచుకున్నారు. రహీం సాబ్ మీద 2024లో 'మైదాన్' వచ్చింది, అది బొంబాయివాళ్లు తీసిన హిందీ సినిమా. మన ఊరి మాస్టారి కథ మనకు అరువు మీద దొరికింది. ఇది క్రికెట్ తప్పని అనలేను. కానీ ఊరి మనసు ఎటు తిరిగి ఉందో చెప్పడానికి ఇంతకన్నా కొలత అక్కర్లేదు.

ఇక ముద్దాయి తరఫు వాదన.

క్రికెట్ ఈ ఊరికి నిన్నమొన్న వచ్చిన చుట్టం కాదు. మొయినుద్దౌలా గోల్డ్ కప్పు 1930ల మొదట్లోనే ఇక్కడ మొదలైంది. హైదరాబాద్ 1937-38లోనే రంజీ ట్రోఫీ గెలిచింది. సిటీ పోలీస్ బొంబాయి, ఢిల్లీల్లో కప్పులు గెలుస్తున్న రోజుల్లోనే, 1955 నవంబరులో, ఫతే మైదాన్‌లో న్యూజిలాండ్‌తో టెస్ట్ జరిగింది. పాలీ ఉమ్రిగర్ డబుల్ సెంచరీ కొట్టిన మ్యాచ్ అది. గులాం అహ్మద్, జయసింహ, అబ్బాస్ అలీ బేగ్, ఆబిద్ అలీ ఆడుతున్న ఊళ్లోనే అజీజుద్దీన్, బలరాం, యూసుఫ్ ఖాన్ ఆడారు. రెండు ఆటలూ ఒకే నీళ్లు తాగి పెరిగాయి. మనుషులైతే అటూ ఇటూ తిరిగారు కూడా. జకార్తాలో బంగారు పతకం తెచ్చిన జట్టుకు కెప్టెన్ చుని గోస్వామి. పదేళ్ల తర్వాత అదే గోస్వామి బెంగాల్ క్రికెట్ జట్టును రంజీ ఫైనల్‌కు నడిపించారు.

క్రికెట్‌ను అసలు కాపాడేది తేదీలు. రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయింది 1963 జూన్‌లో. ఆంధ్రప్రదేశ్ చివరిసారి సంతోష్ ట్రోఫీ గెలిచింది 1965-66లో. ఈ ఊరి ఆటగాళ్లు సయ్యద్ నయీముద్దీన్, మహ్మద్ హబీబ్ కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరింది 1966లో. వాళ్లకన్నా తొమ్మిదేళ్ల ముందే బలరాం అక్కడికి చేరారు. హబీబ్ తమ్ముడు అక్బర్ 1976 కలకత్తా డెర్బీలో ఆట మొదలైన పదిహేడో సెకనులో గోల్ కొట్టి అక్కడ ఇతిహాసమైపోయారు. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టినవాళ్లలో హబీబ్ ఒకరు. తొంభై నిమిషాల ఆటకు ఇచ్చింది క్రికెట్ మైదానాన్నే. ఇదంతా జరిగిపోయిన ఎన్నో ఏళ్లకు కదా కపిల్ దేవ్ ప్రపంచకప్పు ఎత్తింది! ఇల్లు ఖాళీ అయిన చాన్నాళ్లకు వచ్చినవాణ్ని దొంగ అంటే పంచాయితీలో నిలవదు.

ఇంకో సాక్షి కేరళ. అక్కడా అదే టీవీ, అదే ఐపీఎల్. మలప్పురంలో ఏడుగురేసి ఆడే సెవెన్స్ ఫుట్‌బాల్ టోర్నమెంట్లకు జనం ఇప్పటికీ పోటెత్తుతారు. బెంగాల్‌లో సౌరవ్ గంగూలీ వచ్చాడని మోహన్ బగాన్ మూతబడలేదు. క్రికెట్ నిజంగా ఫుట్‌బాల్‌ను తినే జంతువే అయితే మలప్పురాన్ని, కలకత్తాను ఎందుకు వదిలింది? ఈ ప్రశ్న అడిగితే పాతబస్తీ చాయ్ హోటళ్లలో కాసేపు నిశ్శబ్దం. ఆ తర్వాత ఎవరో ఒకరు అసోసియేషన్ గొడవల మీదకు మాట మళ్లిస్తారు. ఆడలేక మద్దెల ఓడన్నారని కొందరు క్రికెట్ అభిమానులు ఎగతాళి చేస్తే ఫుట్‌బాల్‌వాళ్ల దగ్గర గట్టి జవాబు ఉండదు.

అయితే ఫుట్‌బాల్ ఎందుకు పడిపోయినట్టు? నా మొగ్గు ఇప్పుడు చెబుతాను. హైదరాబాద్ ఫుట్‌బాల్ గొప్పతనమంతా ఒక కొలువు మీద నిలబడింది. ఆ కొలువు సన్నగిల్లాక ఆట సన్నగిల్లింది.

కలకత్తాలో మోహన్ బగాన్ 1889లో, మహమ్మదన్ స్పోర్టింగ్ 1891లో, ఈస్ట్ బెంగాల్ 1920లో పుట్టాయి. అవి సభ్యులున్న క్లబ్బులు. ఆటగాళ్లు పోయినా, ఓడిపోయినా, మైదానం చుట్టూ తరతరాల మనుషులుంటారు. తాత ఏ క్లబ్బో మనవడూ ఆ క్లబ్బే. మనదగ్గర గొప్ప జట్టు ఒక ప్రభుత్వ శాఖది. పోలీసు శాఖ బాగా ఆడేవాణ్ని పట్టుకుని కానిస్టేబుల్ ఉద్యోగం ఇచ్చేది. నెలనెలా జీతం, బూట్లు, ప్రాక్టీసుకు వేళ, రిటైరైతే పింఛను. కిరాయి ఇంట్లో ఉండే పేద కుటుంబానికి అది ఐపీఎల్ కంటే నమ్మకమైన బేరం. ఐపీఎల్ వెయ్యి మందిలో ఒక్కడికి తగులుతుంది. ఆ రోజుల్లో కాస్త బాగా ఆడే కుర్రాడికి పోలీసులో కాకపోయినా రైల్వేలోనో, బ్యాంకులోనో, సర్కారు ఫ్యాక్టరీలోనో ఏదో ఒకటి దొరికేది. పోలీసు టోపీ చూసి ఇంట్లోవాళ్లు ఆటను సహించారు.

ఈ ఏర్పాటు బలం ఎంతో బలహీనతా అంతే. శాఖ పెద్దలకు ఆట మీద మోజు ఉన్నన్నాళ్లు జట్టు వెలిగింది. రాష్ట్రం మారి సిటీ పోలీస్ కాస్తా ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయ్యింది. రానురాను ఉద్యోగం రాతపరీక్షల దారి పట్టింది. క్రీడల కోటా ఉన్నా, పత్రాలు, స్థాయి నిబంధనలు దాటుకుని రావాలి. గోల్ చూసి భుజం తట్టి రేపొచ్చి చేరమనే రోజులు పోయాయి. అలా తీసుకోవడంలో అన్యాయానికీ చోటుంది కాబట్టి పరీక్ష వద్దని నేననను. పరీక్ష న్యాయమైనదే. కానీ ఆ న్యాయానికి ఒక ఆట మూల్యం చెల్లించింది. సర్కారు ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతబడ్డాయి. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ సైతం 2017 ఏప్రిల్ 1న పెద్ద బ్యాంకులో కలిసిపోయింది. ఇంకోవైపు 1970ల నుంచి పాతబస్తీ కుర్రాళ్లకు గల్ఫ్ దారి తెరుచుకుంది. పంతొమ్మిదేళ్ల ఫుల్‌బ్యాక్‌కు జెద్దాలో డ్రైవర్ వీసా వస్తే ఏ కోచ్ ఆపగలడు? ఆటగాళ్లను మింగింది ఎవరని లెక్క తీస్తే, క్రికెట్ కంటే గల్ఫ్ విమానమే ఎక్కువ మందిని ఎక్కించుకుందని నా అనుమానం. దానికి అంకెలు చూపలేను, అందుకే అనుమానం అంటున్నాను.

ఈ వాదనకు వెంటనే వచ్చే ఎదురుదెబ్బ ఒకటుంది. కొలువే అసలు కారణమైతే, ప్రైవేటు డబ్బు వచ్చాక ఆట లేవాలి కదా? డబ్బు వచ్చింది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. 2022 మార్చి 20న గోవా ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. 1-1 మీద ఆగింది. పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి వరసగా అడ్డుకోవడంతో 3-1తో హైదరాబాద్ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఛాంపియన్ అయ్యింది. ఆ రోజు స్టేడియం పసుపు రంగుతో నిండిపోయింది. పసుపు మనదే కదా అనుకోవద్దు, వచ్చినవాళ్లు బ్లాస్టర్స్ అభిమానులు, కేరళ నుంచి బస్సుల్లో, రైళ్లలో దిగినవాళ్లు. కప్పు మనకు, జనం వాళ్లకు. గెలిచిన జట్టు మొదటి పదకొండు మందిలో హైదరాబాద్ గల్లీల్లో పెరిగినవాడు ఒక్కడూ లేడు. రెండేళ్లు తిరక్కుండా జీతాల ఇబ్బందులు మొదలయ్యాయి. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది.

నా వాదనను ఇది పడగొడుతుందని కొందరంటారు. నాకు తిరగబడి కనిపిస్తుంది. ఆ డబ్బు తయారైన ఆటగాళ్లను తెచ్చుకుంది, పన్నెండేళ్ల పిల్లలు తయారయ్యే చోటికి రాలేదు. గచ్చిబౌలి స్టేడియం నగరానికి ఆ చివర, మొఘల్‌పురా ఈ చివర. సాయంత్రం మ్యాచ్ చూసి తిరిగొచ్చేందుకు బస్సులు మారాలి, పొద్దున దుకాణం షట్టర్ ఎత్తాలి. ఆటా, దాని జనమూ ఊరికి చెరో అంచున ఉండిపోయారు. అయినా పూర్తిగా ఓనర్ల నెత్తిన రుద్దడమూ సబబు కాదు. జట్టు ఛాంపియన్ అయిన మర్నాడు మనలో ఎంతమంది ఆ వార్తను రెండోసారి చదివాం?

ఇదే తగువు వేరే ఊళ్లో ఎలా నడుస్తోందో చూస్తే కొంత తేటపడుతుంది. ఐర్లండ్‌లో కెర్రీ అనే కౌంటీ ఉంది. అక్కడ గేలిక్ ఫుట్‌బాలే దేవుడు. 2025 గెలుపుతో కలిపి ఆ కౌంటీ దేశ ఛాంపియన్‌షిప్ 39 సార్లు గెలిచింది, ఇంకెవరూ అన్నిసార్లు గెలవలేదు. అదే కౌంటీ ఉత్తరపు కొసన బాలీడఫ్, లిక్స్‌నా లాంటి కొన్ని ఊళ్లలో హర్లింగ్ అని ఇంకో ఆట బతికి ఉంది. కర్రతో చిన్న గట్టి బంతిని గాల్లోకి బాదే పాత ఆట, 2018లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఆ ఆటలో కెర్రీ పెద్ద కప్పు గెలిచింది ఒకే ఒక్కసారి, 1891లో. బాగా ఆడే కుర్రాణ్ని ఫుట్‌బాల్ కోచ్‌లు లాగేసుకుంటారన్న ఫిర్యాదు అక్కడా ఉంది. మనకూ వాళ్లకూ ఒక పెద్ద తేడా మాత్రం ఉంది. అక్కడ రెండు ఆటలనూ నడిపేది 1884లో పుట్టిన ఒకే సంఘం. పెద్ద ఆట టికెట్ డబ్బుల్లో చిన్న ఆటకు హక్కుంది. ఊరి క్లబ్బు మైదానం రెండింటిదీ. అందుకని హర్లింగ్ కెర్రీలో వర్ధిల్లుతోందని కాదు, కొన ఊపిరితోనైనా నూట ముప్పై ఏళ్లు నిలిచింది.

మనదగ్గర క్రికెట్ ఖజానా వేరు, ఫుట్‌బాల్ హుండీ వేరు. ఒకటి నిండితే రెండో దానికి చుక్క కూడా పారే కాలువ లేదు. క్రికెట్ సంఘం అది తన బాధ్యత కాదంటుంది, చట్టప్రకారం నిజమే. పైగా హైదరాబాద్ క్రికెట్ సంఘానికి సొంత ఇల్లు చక్కబెట్టుకోవడమే పెద్ద పని అయిపోయింది. 2023లో సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తిని పెట్టి చక్కదిద్దించాల్సి వచ్చింది. రంజీ ట్రోఫీ 1986-87 తర్వాత మళ్లీ రాలేదు. ఇక్కడ గెలిచిన ఆటా అంత బాగా లేదు. గల్లీలో రాజ్యమేలుతున్నది క్రికెటే గానీ, గల్లీ నుంచి రంజీ దాకా మెట్లు వేసే సంఘం ఆ మెట్లను సరిగ్గా చూసుకోలేదు. తోలు బంతి క్రికెట్ ఇప్పుడు ఖరీదైన వ్యవహారం. బ్యాటు, ప్యాడ్లు, హెల్మెట్, కోచింగ్ ఫీజు కలిపితే మొఘల్‌పురాలో టైలర్ కొడుక్కి అందేది కాదు. సిరాజ్ అరుదు కాబట్టే వార్త అయ్యాడు.

అలాగని ఊరంతా ఫుట్‌బాల్‌కు ఏదో బాకీ పడ్డట్టు మాట్లాడేవాళ్లతో నాకు పేచీ ఉంది. తాతలు నేతులు తాగారని మనవళ్లు మూతులు వాసన చూపించాల్సిన పని లేదు. రోవర్స్ కప్పు గెలిచింది వాళ్ల తాతలు, ఈ పిల్లలకు ఇష్టమైన ఆట వాళ్లు ఆడుకుంటారు. గల్లీలో టెన్నిస్ బంతి పట్టుకున్న పన్నెండేళ్లవాణ్ని చరిత్ర ద్రోహిలా చూడటం పెద్దవాళ్ల చాదస్తం. క్రికెట్ వాణ్ని పరుగెత్తిస్తోంది, దోస్తీలు కుదురుస్తోంది, ఫోన్ పక్కన పెట్టిస్తోంది. ఇది తక్కువేం కాదు. ఈ వాదన బరువైనదే, దీన్ని తోసిపుచ్చలేను.

నేను ఒప్పుకోనిది ఒక్కటే, 'ఇష్టం' అన్న మాట. ఎడమపక్క ఒకే దుకాణం, కుడిపక్క ఖాళీ గోడ ఉన్న బజారులో పిల్లవాడు ఎంచుకున్నాడని ఎలా అంటాం? ఎంచుకోవడానికి రెండోది ఉందా లేదా చూడాలి. రెండోది ఉన్నచోట పిల్లలు వెళ్తున్నారు. ఈ తెలుగు నేల మీదే, ఇదే క్రికెట్ గాలిలో, అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ వాళ్ల అకాడమీ పల్లెటూరి పిల్లలకు ఏళ్లుగా ఫుట్‌బాల్ నేర్పుతోంది, స్పెయిన్ ఫుట్‌బాల్ లీగ్ లాలిగా చెయ్యి కలిపింది. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడుతోంది, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కు వెళ్లింది. వీళ్లెవరూ క్రికెట్‌ను ఓడించి రాలేదు. పక్కనే ఒక మైదానం, ఒక మాస్టారు ఉండబట్టి వచ్చారు. బార్కస్‌లో, నిజాం కాలపు అరబ్బు సిపాయిల మనవళ్ల పేటలో, ఫుట్‌బాల్ ఇప్పటికీ సాయంత్రపు అలవాటే. అక్కడ ఖాళీ నేల మిగిలింది, ఆడిన పెద్దలు మిగిలారు.

గంటకింతని అద్దెకిచ్చే ఆకుపచ్చ టర్ఫ్‌లు ఇప్పుడు పాతబస్తీలోనూ లేచాయి. వాటిని రెండు ఆటలకూ ఇస్తారు, ఒక గంట బాక్స్ క్రికెట్, తర్వాతి గంట ఫైవ్స్. అక్కడ ఫుట్‌బాల్ మళ్లీ కనబడుతోందని కొందరు సంబరపడుతున్నారు. నాకంత సంబరం లేదు. టర్ఫ్ మీద ఆడేది గంట డబ్బులు పంచుకోగలిగిన ఇరవై ఏళ్లవాళ్లు. రహీం సాబ్ పట్టుకున్నది అంతకన్నా చిన్నవాళ్లను, జేబులో ఏమీ లేనివాళ్లను.

ఏం చెయ్యొచ్చని అడిగితే చాలామంది స్టేడియం అంటారు. స్టేడియాలకు ఈ ఊళ్లో కొదవ లేదు. ఫతే మైదాన్ లాల్ బహదూర్ స్టేడియమైంది. అక్కడ 2008లో ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ మ్యాచ్‌లు వానకు బురదలో ఆడారు, ఫైనల్ ఢిల్లీకి పోయింది. 2023 డిసెంబరులో అక్కడే ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారమూ జరిగింది. పెద్ద స్టేడియానికి ఎప్పుడూ ఏదో పని తగులుతుంది. మొఘల్‌పురాకు కావలసింది చిన్న పని. మున్సిపాలిటీ మైదానంలో వారానికి రెండు సాయంత్రాలు ఫుట్‌బాల్‌కు రాసివ్వాలి, ఆ రెండు పూటలూ టెన్నిస్ బంతివాళ్లు పక్కకు జరగాలి. జరుగుతారా? మొదట గొడవపడతారు, అది న్యాయమే, మైదానం ఇన్నాళ్లూ వాళ్లు కాపాడుకున్నది. మిగతా ఐదు రోజులు వాళ్లకే ఉంటే సర్దుకుంటారు.

గోల్‌పోస్టులకు పెద్ద ఖర్చవదు. ఖర్చంతా ఆ రెండు సాయంత్రాలు ఈల పట్టుకుని నిలబడే మనిషిది. రహీం సాబ్ ఉచితంగా చేశారని మురిసిపోయేవాళ్లు ఆయనకు బడి నుంచి నెలనెలా జీతం వచ్చేదని మరిచిపోతారు. సర్కారు బళ్లలో డ్రిల్ మాస్టారి కుర్చీ ఖాళీగా పెట్టుకుని, ఆట ఎవరు మింగారని క్రికెట్‌ను నిలదీయడం నాకు సబబుగా తోచదు.